గదిలోని సైకిలు, బాటమీది సైకిలు

స్త్రీలు జట్లుగా గూడి, ఎవరియింట వారుండి, ఇంటర్నెట్టు సహాయమున సైకిలు పందెములు సాగించుచున్నారన్న వార్త విని మన విద్యావంతులు రెండు విధముల మాటలాడుచున్నారు. కదలని సైకిలు త్రొక్కి గెలిచితిమనుట పిల్లలాట యని కొందఱి పరిహాసము. స్త్రీలు గడప దాటకయే వ్యాయామము చేసికొను నుపాయము దొరకినది, ఇంతకంటె గావలసిన దేమున్నదని మఱికొందఱి సంతోషము. నాకు మొదటివారి పరిహాసముకంటె రెండవవారి సంతోషమువలననే యెక్కువ భయము కలుగుచున్నది.

ముందుగా ఈ పందెమెట్టిదో తెలిసికొనుట మంచిది. సైకిలు వెనుక చక్రమును తీసివైచి, ఆ చోట ట్రెయినరను యంత్రమును బిగింతురు. త్రొక్కువారు చూపు శక్తిని యంత్రము వాట్టులలో గొలిచి కంప్యూటరునకు దెలుపును. కంప్యూటరు ఆ శక్తిని, వారి శరీరపు బరువును, దారి వాలును లెక్కించి తెరమీద వారి బొమ్మను నడపును. తెరమీద కొండ యెదురైనపుడు యంత్రము బిగిసికొని పెడలు బరువెక్కును. ఎదురుగాలి లేదు గనుక చెమట ఆఱదు. పంకా పెట్టుకొనక తప్పదు. ఇట్టి పందెములకు జ్విఫ్టు అను కంపెనీవారి ఏర్పాటు మిక్కిలి ప్రసిద్ధమైనది.

టైం ట్రయలనగా ప్రక్కవారితో గాక గడియారముతో జేయు పోరాటము. జట్లకు జరుగు టైం ట్రయలులో ఒక్కొక్క జట్టు వేఱువేఱుగా బయలుదేరును. ముందు పోవునామె గాలిని చీల్చుకొని పోవును. ఆమె నీడన వచ్చువారికి శ్రమ తగ్గును. ఈ లాభమును తెరమీది దారిలో గూడ లెక్కగట్టి యిత్తురు. కొంతసేపటికి ముందున్నామె తప్పుకొని వెనుకకు జేరును, రెండవయామె ఆ భారము వహించును. సామాన్యముగా నాలుగవ వ్యక్తి గీత దాటిన కాలమే జట్టు కాలము. కాబట్టి బలవంతురాలు ఒంటిగా దూసికొనిపోయిన ప్రయోజనము లేదు. వెనుకబడుచున్న నాలుగవ యామెను కనిపెట్టి వేగము సవరించుకొనవలెను. ఆ సభ్యురాండ్రు వేఱువేఱు దేశములలో నుండవచ్చును. ఒకతెకది తెల్లవాఱుజాము, మఱియొకతెకు రాత్రి భోజనవేళ. చెవులకు దగిలించుకొనిన సాధనములలో ఒకరి రొప్పు ఒకరికి వినబడుచుండును.

ఇది ఆట గాదనువారికి దీర్ఘమైన సమాధానమక్కఱలేదు. కుర్చీనుండి కదలక చదరంగమాడిన మన కోనేరు హంపికి 2003వ సంవత్సరపు అర్జున పురస్కారము వచ్చినపుడు మనము గర్వించితిమి గదా. ఇచట గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు అన్నియు పనిచేయుచున్నవి; వీథి మాత్రమే లేదు. మోసములున్నవనిన, ఉన్నవి. బ్రిటనులో 2019లో జాతీయవిజేతయైన యొక పురుషుడు తెరమీది మేలైన సైకిలును కంప్యూటరు తంత్రముచే సంపాదించినందున తన బిరుదును గోలుపోయెను. మోసమును శిక్షించు నియమమున్నచోట ఆట లేదనుట యెట్లు?

టైం ట్రయలునకును స్త్రీలకును గల సంబంధము నిన్న నేడు పుట్టినది కాదు. 1893లో బ్రైటను పట్టణపు టెస్సీ రెనాల్డ్సు అను పదునాఱేండ్ల బాలిక లండనుకు బోయి తిరిగి వచ్చుటకు, సుమారు 120 మైళ్లు, ఎనిమిదిన్నర గంటలలో సైకిలు నడపెను. పత్రికలలో ఆమె వేగముకంటె ఆమె తొడిగిన లాగును గుఱించిన చర్చయే పెద్దదయ్యెను. ఆ కాలపు వైద్యులు కొందఱు సైకిలెక్కిన స్త్రీకి 'సైకిలు ముఖ' మను వికారము వచ్చునని గూడ వ్రాసిరి. (ఆ వికారము తరువాత ఎక్కడికి బోయెనో వైద్యశాస్త్రమునకే తెలియవలెను.)

బెరిల్ బర్టను కథ యింతకంటె గొప్పది. యార్కుషైరు వనిత, ఒక బిడ్డ తల్లి, పొలములో కూలిపని చేసినయామె. బాల్యమున జబ్బుచేసి చాలకాలము ఆసుపత్రిలో నుండెను. కఠినమైన శ్రమ కూడదని వైద్యులు చెప్పిరి. ఆమె 1967లో పండ్రెండుగంటల టైం ట్రయలులో 277.25 మైళ్లు నడచెను. అదే పందెమున మైకు మెక్‌నమారా అను పురుషుడు 276.52 మైళ్లు నడచి పురుషులలో క్రొత్త రికార్డు నెలకొల్పెను. ఆ రికార్డును ఒక స్త్రీ అదే దినమున మించిపోయెను! అతనిని దాటిపోవుచు ఆమె ఒక మిఠాయి బిళ్ల అందించెనట. పురుషులు ఆమె దూరమును మించుటకు 1969 వఱకును, స్త్రీలు మించుటకు 2017 వఱకును పట్టినది.

ఇట్టి నిదర్శనమున్నను బాటమీద స్త్రీలకు కురుచ దారులే కేటాయించుచు వచ్చిరి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సు టైం ట్రయలులో పురుషులకు 44.2 కిలోమీటర్లు, స్త్రీలకు సరిగా అందులో సగము. అంతకు ముందే, 2020 డిసెంబరు 9వ తేదీన, అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య తెరమీది పందెములకు మొదటి ప్రపంచ ఛాంపియనుషిప్పు జరిపినపుడు స్త్రీపురుషులకు ఒకటే దారి, ఒకటే దూరము, ఒకటే బహుమానము. స్త్రీలలో దక్షిణాఫ్రికా వనిత యాష్లీ మూల్మన్ పాసియో గెలిచెను. ఏ ప్రళయమును రాలేదు. 2024లో పారిసు ఒలింపిక్సునాటికి బాటమీది టైం ట్రయలును గూడ ఇరువురకు 32.4 కిలోమీటర్లుగా సమము చేసిరి. అయినను ఆ ఒలింపిక్సులోనే బాటపందెము పురుషులకు 273 కిలోమీటర్లు, స్త్రీలకు 158. ఈ 115 కిలోమీటర్లను స్త్రీలకు ఏ శరీరశాస్త్రము నిషేధించినదో నిర్వాహకులు చెప్పవలెను.

ఇక రెండవవారి సంతోషము. గదిలో సైకిలు త్రొక్కుటవలన పసిబిడ్డల తల్లులకు, మంచుదేశములవారికి, రాత్రి కొలువు చేయువారికి గొప్ప మేలు కలుగుచున్నది, కాదనను. కాని తనకు వలసి గదిలో నుండుట వేఱు, వెలుపలికి బోగూడదు గనుక గదిలో నుండుట వేఱు. ఆ పాశ్చాత్య స్త్రీలు గదిని బాటకు ద్వారముగా జేసికొనిరి. 2016లో లియా థోర్విల్సను అను అమెరికా వనిత యంత్రముమీద జూపిన శక్తివలననే నిజమైన బాటమీది వృత్తిజట్టున స్థానము సంపాదించెను. 2022లో టూర్ ద ఫ్రాన్సు స్త్రీల పందెమునకు ప్రధానపోషకత్వము వహించినది ఆ జ్విఫ్టు కంపెనీయే. మనవారో, యీ ద్వారమునకు వెలుపలినుండి గడియ పెట్టజూచుచున్నారు. దీపములు వెలిగించి, పంకా బిగించి, తెర తగిలించినంత మాత్రమున ఘోషా ఘోషా గాకపోవునా?

ఈ పందెములలో నాకు సమ్మతము గాని దొకటి యున్నది. కిలోగ్రాము బరువునకు ఎన్ని వాట్టులను లెక్కనుబట్టి పోటీదారులను విభజించుటచే, బరువు తగ్గించుకొనవలెనను దురాశ బలియును. ఆడపిల్లలు సన్నగా నుండవలెనను పిచ్చి లోకమున ఇదివఱకే చాలినంత కలదు. జట్టు నాయికలు దీనిని కనిపెట్టి యుండవలెను.

మన సంగతికి వత్తును. ప్రభుత్వమిచ్చిన సైకిళ్లెక్కి తొమ్మిదవ తరగతి బాలికలు మన హైస్కూళ్లకు వచ్చుట చూచితిమి. పదవ తరగతి ముగిసి సంబంధముల మాట పుట్టగానే ఆ సైకిలు అనేక గృహములలో తమ్మునిపాలగుచున్నది. వీథిలో పోకిరులున్నారని తండ్రి చెప్పును. ఉన్నారు. వారిని గదిలో బెట్టుటకు మారుగా పిల్లను గదిలో బెట్టుట యే న్యాయము? వేలకొలది రూపాయలు పోసి అమ్మాయికి ట్రెయినరు కొనియిచ్చెదమని ముచ్చటపడు అయ్యలారా, మొదట ఆమె సైకిలును ఆమెకు తిరిగి యిప్పింపుడు. దానికి కాసు ఖర్చు లేదు.