మూషికముల సాక్ష్యము

ఇంటి చెంత విద్యుత్తంత్రులు పోవుచున్నచో తమ బిడ్డల రక్తము చెడునేమోయని కలఁతపడు తలిదండ్రులు నేడు లోకమంతటను గలరు. ఆ భయమును పరిహసించుట సులభము. దానిని పెంచి సొమ్ము చేసికొనుట అంతకంటెను సులభము. ఈ రెండును మాకు సమ్మతములు గావు.

ఈ శంక 1979లో అమెరికాయందలి డెన్వరు నగరమున బయలుదేఱెను. అధికప్రవాహము గల తీఁగెల దాపున వసించు పిల్లలయందు లుకేమియా హెచ్చుగా నున్నదని నాన్సీ వెర్థైమరు, ఎడ్ లీపరు అను పరిశోధకులు ప్రకటించిరి. 2000లో పలుదేశముల లెక్కలు కూర్చి చూడఁగా, సగటున 0.4 మైక్రోటెస్లాలకు మించిన అయస్కాంత క్షేత్రమున నుండు పిల్లలకు ఈ వ్యాధి ఇంచుమించు రెండింతలుగా గానవచ్చెను. కాని అట్టి పిల్లలు నూటికొక్కరైనను లేరు. అదియుఁగాక, రెండు విషయములు కూడి కనఁబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పఁజాలము.

కావున విజ్ఞానవేత్తలు జంతువుల నాశ్రయించిరి. ఫిషర్ 344 జాతి యెలుకలకు లుకేమియా కణముల నెక్కించి, వానిని దినమునకు 20 గంటలు 1000 మైక్రోటెస్లాల క్షేత్రమున నుంచిరి. వ్యాధిగమనమున గణనీయమైన భేద మేమియుఁ గానరాలేదని 1996లో తెలిపిరి. గామా కిరణములు సోఁకిన యెలుకలలో మాత్రము రోగము విజృంభించెను. అనఁగా కీడు నిజముగా నున్నచో దానిని పట్టఁగల శక్తి ఆ ప్రయోగమునకుఁ గలదన్నమాట. ఎలుకలను, చుంచులను రెండేండ్లు క్షేత్రమున నుంచి 1999లో వెల్లడించిన ఫలితములందును లుకేమియా పెరుగలేదు.

అయినను సాక్షి నడిగిన ప్రశ్నకే సాక్షి యుత్తరము చెప్పును. ఎక్కించిన రోగము త్వరగా పెరుగునా యనుట వేఱు. శిశువునందు రోగ మెట్లు పుట్టుననుట వేఱు. ముసలి యెలుకలకు వచ్చు రక్తవ్యాధియు, పసిపిల్లలకు వచ్చు వ్యాధియు ఒక్కటి గావు. 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ క్షేత్రములను "కారకములు కావచ్చును" అను తరగతిలోనే యుంచుటకు, జంతుసాక్ష్యము చాలదనుటకు ఇట్టి కారణములే కలవు.

వ్యాధిగ్రస్తుఁడైన బిడ్డ గల యింటివారికి మే మొక్కమాట చెప్పఁగోరుచున్నాము. 3,000 మందికి పైగా రోగపీడితులైన పిల్లలను పరిశీలించి 2012లో ప్రకటించిన అంతర్జాతీయ పరిశోధనయందును, క్షేత్రమువలన వారి జీవితావధి తగ్గినట్లు కానరాలేదు. కావున చికిత్సకు వెచ్చింపవలసిన ధనమును రక్షణఫలకములపాలు, మాయయంత్రములపాలు చేయకుఁడు. ఔషధమును నడుమ మానకుఁడు.

ఇఁక పాలకుల విధి కలదు. క్రొత్త తంత్రులు వేయునపుడు స్వల్పవ్యయముతో క్షేత్రమును తగ్గింపవచ్చునని 2007లో ప్రపంచారోగ్యసంస్థ పలికినది. బడుల మీదుగా, ఇండ్ల మీదుగా తంత్రులను లాగుటకు ముందే ఆ యాలోచన చేయుట న్యాయము. కొలతలను ప్రజలయెదుట నుంచుట అంతకంటెను న్యాయము. దాఁచినచోటనే భయము మొలకెత్తును. మూగజీవుల ప్రాణములు వెచ్చించి సంపాదించిన యీ జ్ఞానమును ఉన్నదున్నట్లు ప్రజలకు విన్నవించుట కంటె వానికి మనము తీర్పఁగల ఋణము వేఱొండు లేదు.