బీరువాలో దాచిన తోలు కోటు ఎవర్ని కాపాడుతుంది?

పోయిన శ్రావణంలో మా తమ్ముడు రాయగడ నుంచి కోరాపుట్ వెళ్తూ ఘాటు మలుపులో బండి మీంచి జారి పడ్డాడు. పెద్ద వేగమేం లేదు. సన్నగా తుంపర పడుతోంది, కొండవాలు నుంచి ఎర్రమట్టి రోడ్డు మీదకి కొట్టుకొచ్చింది, అంతే. ఎముకలు విరగలేదు గానీ ఎడమ మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం గీరుకుపోయింది. ఒంటి మీదున్న ప్లాస్టిక్ రెయిన్‌కోటు పీలికలైపోయింది. మూడు వారాలు కట్లు కట్టించుకుంటూ తిరిగాడు.

ఆ మూడు వారాలూ వాళ్ళ నాన్నగారి తోలు కోటు, అంటే మా పెదనాన్నగారి కోటు, మా బీరువాలో పాత పంచెలో చుట్టి భద్రంగా ఉంది. "వానాకాలంరా, తడిస్తే పాడైపోతుంది, దసరా వెళ్ళాక వేసుకుందువుగాని" అని వాడికి చెప్పింది మేమే. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం అదే. మనలాంటి ఇళ్ళలో ఇలా దాచిన కోట్లు ఇంకొన్ని ఉంటాయని మా అనుమానం.

ఆ కోటు కథ మన వాళ్ళలో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం మళ్ళీ చెప్తాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం కాకముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. గీత మారినా మన వాళ్ళు ఇల్లు మార్చలేదు. పెదనాన్నగారు 1980లలో మైసూరు తయారీ యెజ్డీ మీద రాయగడ, కోరాపుట్, సాలూరు తిరిగేవారు. అప్పట్లో మా నాన్నగారికి కర్ణాటకలో ఉద్యోగం. మేము కన్నడ మీడియంలో చదివింది అందుకే. మా తెలుగు రాత నాయనమ్మ పెట్టిన భిక్ష, తప్పులుంటే సర్దుకోండి. బెంగళూరులో ఆ కోటు కొని అన్నగారికి పంపింది మా నాన్నగారే. సుంకి ఘాటులో ఓసారి వానలో పడినప్పుడు పెదనాన్నగారి ఎడమ మోచేతి దగ్గర తోలు అరిగింది, చెయ్యి మాత్రం దక్కింది. ఆ అరిగిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన పోయాక పెద్దమ్మ కోటుని మా ఇంట్లో దాచమంది. దాచాం. దేవుడి పటం దాచినట్టు దాచాం. అక్కడే తప్పు చేశాం.

మా వాదన ఒకటే. తోలు కోటు వానకి గొడుగు కాదు, పడినప్పుడు కవచం. బండి జారేది ఎక్కువగా వానలోనే కాబట్టి వానాకాలంలోనే అది ఒంటి మీద ఉండాలి. తడుస్తుందని దాచెయ్యడం, ఎండిపోతుందని మందు సీసా మూత తియ్యకపోవడం లాంటిది.

"తోలు వానకి పనికొచ్చే సరుకు కాదు" అనే పెద్దల మాటలో నిజం లేకపోలేదు. మోటారు సైకిలు మీద వేసుకునే జిప్పు తోలు కోటుకి పేరు తెచ్చిన పెర్ఫెక్టో 1928లో న్యూయార్కు షాట్ కంపెనీ నుంచి వచ్చింది. వానల దేశమైన ఇంగ్లండులో మాత్రం చాలామంది మైనం పట్టించిన నూలు కోట్లవైపు వెళ్ళారు. 1924లో మొదలైన బెల్‌స్టాఫ్ కంపెనీకీ, 1936లో బండివాళ్ళ కోసం ఇంటర్నేషనల్ అనే కోటు తెచ్చిన బార్బర్ కంపెనీకీ పేరొచ్చింది అలాంటి కోట్లతోనే. అంటే నీళ్ళు ఆపడానికి తోలు సరిపోదని వాళ్ళకి ఎప్పుడో తెలుసు. కానీ నీళ్ళు ఆపే పనినీ రాపిడి ఆపే పనినీ ఒకే గుడ్డ చెయ్యాలని ఎవరన్నారు? లోపల తోలు, పైన రెయిన్‌కోటు వేసుకుంటే రెండు పనులూ జరుగుతాయి. మా తమ్ముడికి ఆ రోజు రెండోది ఒక్కటే ఉంది.

చట్టం వైపు చూస్తే, 1988 మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షను తలకి హెల్మెట్ పెట్టుకోమంటుంది. భుజాలు, మోచేతుల సంగతి మనమే చూసుకోవాలి.

మన దారి సంగతి కూడా తెలిసిందే. రాయగడ కింద నాగావళి దగ్గర, ఉక్కపోతలో ఉంటుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో, పొగమంచులో ఉంటుంది. వంద కిలోమీటర్లకి పైగా ఉన్న ఆ దారిలో ఒక్క పూటలోనే చెమటా చలీ రెండూ తగులుతాయి. కోరాపుట్ జిల్లాలో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఆ నాలుగు నెలలూ కోటు వెయ్యకపోతే ఇక అది ఎందుకు?

ఇంతకీ తోలు వానకి పాడవుతుందా? మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఏదైనా చెడిపోయిందంటే ఎక్కడ చెడిందో, ఎప్పుడు చెడిందో విడదీసి చూడటం అలవాటు. అలా చూస్తే తేలిందేమిటంటే, కోటు పాడయ్యేది ఎక్కువగా తడిసినప్పుడు కాదు, మనం ఆరబెట్టినప్పుడు.

పూర్వం మన వైపు తోళ్ళని తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. ఇప్పటి కోట్ల తోలు ఎక్కువగా క్రోమియం ఉప్పుతో పదును చేసింది. ఏదైనా సరే, లోపల ఉన్నవి సన్నటి నారపోగులు, వాటి మధ్య నూనె పూత. తడి తోలుకి ఒక్కసారిగా వేడి తగిలితే ఆ పోగులు ముడుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పొడి తోలు తట్టుకునే వేడిని తడి తోలు తట్టుకోలేదు. కొన్నేళ్ళ కింద మేమే పెదనాన్నగారి కోటుని తొందరపడి హీటరు ముందు కుర్చీ మీద వేశాం. తెల్లారేసరికి కాలరు అట్టలా బిగుసుకుపోయింది. ఆ పగుళ్ళు మళ్ళీ పోలేదు. ఇంట్లో అందరూ "వాన పాడుచేసింది" అన్నారు. కాదు, మేము పాడుచేశాం.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. బయల్దేరే ముందే కోటు మీద రెయిన్‌కోటు వేసుకోవాలి, చినుకు మొదలయ్యాక ఆగి వేసుకుందాం అనుకుంటే ఘాటులో ఆగే చోటు దొరకదు. రెయిన్‌కోటు ఒక సైజు పెద్దది, ప్యాంటు విడిగా ఉన్నది, పసుపో నారింజో రంగుది తీసుకోండి. నల్ల కోటు మంచులో ఎదుటి లారీవాడికి కనపడదు. గ్లౌజులకి కూడా పైతొడుగు ఉంటే మంచిది. తడిసిన తోలు గ్లౌజు రంగు వదులుతుంది, చెయ్యి లాగినప్పుడు లోపలి గుడ్డ వేళ్ళతో పాటు బయటికొచ్చేస్తుంది.

ఇంటికొచ్చాక, పైన వాన తగలకపోయినా లోపల చెమట ఉంటుంది, కాబట్టి కోటు తడిసినట్టే లెక్క. ముందు తడిగుడ్డతో బురద తుడవండి, తర్వాత పొడిగుడ్డతో అద్దండి, పిండకండి. జేబులు ఖాళీ చేసి, జిప్పులన్నీ తీసి, భుజాల దగ్గర వెడల్పుగా ఉన్న హ్యాంగరుకి తగిలించండి. మేకుకి తగిలిస్తే తడి బరువుకి మెడ దగ్గర సాగిపోతుంది. వసారాలో నీడకి, ఫ్యాను గాలికి ఒక రోజో రెండు రోజులో వదిలెయ్యండి. ఎండ వద్దు, హీటరు వద్దు, పొయ్యి పక్క అసలే వద్దు. బూట్లలో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి, అవి నానగానే మార్చాలి. అమ్మ పాత తెలుగు పేపర్లు పోగేసి ఉంచుతుంది, వానాకాలంలో వాటికి ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు.

ఇక నూనె గొడవ. మా ఇంట్లో సగం మంది కొబ్బరినూనె అంటారు, సగం మంది ఆముదం అంటారు. వెనక ఊళ్ళో మందపాటి చెప్పులకి ఆముదం పట్టించేవారు, దాని లెక్క దానికి సరిపోయింది. పల్చటి కోటు తోలుకి అది జిడ్డుగా అంటుకుని దుమ్ము పడుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్ళకి కంపు కొడుతుంది. బజార్లో తోలు కోసమే అమ్మే కండిషనరు, అదీ పూర్తిగా ఆరాక, గుడ్డతో పల్చగా రాయండి. వానలకి ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి చాలు. ఎక్కువ రాస్తే తోలు మెత్తబడి కుట్ల దగ్గర సాగుతుంది.

బూజు మన వైపు తప్పని శత్రువు. కన్నడంలో దాన్ని బూష్టు అంటారు, పేరేదైనా తెల్లటి మచ్చలే. పట్టిన కోటుని ఇంటి బయటికి తీసుకెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముందు పొడిగుడ్డతో తుడవండి. తర్వాత స్పిరిటూ నీళ్ళూ సమానంగా కలిపి, రంగు పోతుందేమో లోపలి అంచు మీద చూసుకుని, తుడిచి ఆరబెట్టండి. బీరువాలో పెడితే పాత నూలు దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు పురుగుల కోసం, బూజు కోసం కాదు. నిజానికి బూజుకి అన్నిటికన్నా మంచి మందు కోటుని వారం వారం వేసుకోవడమే. గాలి తగిలిన తోలుకి బూజు అంత తొందరగా పట్టదు. మేము పంచెలో చుట్టి దాచిన కోటుకే అది పట్టింది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. పాత కోటు బీరువాలోంచి తీసి తిన్నగా ఒంటి మీద వేసుకోకండి. కుట్లు పట్టుకుని రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. పాత నూలుదారం తేమకి పుచ్చిపోయి ఉంటుంది. దారం తెగితే తోలెంత మందంగా ఉన్నా పడినప్పుడు విచ్చుకుపోతుంది. మా కోటుకి భుజాల దగ్గర, చేతుల పొడుగునా నైలాను దారంతో మళ్ళీ కుట్టించాం. అప్పటి కోట్లలో మోచేతి ప్యాడ్లు ఉండేవి కావు, విడిగా కొని లోపల తొడుక్కుంటున్నాడు. ఇంట్లో తోలు కోటు లేనివాళ్ళు కొత్తగా తోలుదే కొనాలని మేము అనం. ఉన్న డబ్బుకి ప్యాడ్లున్న టెక్స్‌టైల్ జాకెట్టు మన వానలకి సుఖం, తొందరగా ఆరుతుంది. ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అనీ, జాకెట్టు మీద ఈఎన్ 17092 అనీ ముద్ర చూసి కొనండి. జాకెట్టుకి ఏఏఏ, ఏఏ, ఏ అని తరగతులుంటాయి, ఏఏఏ అన్నిటికన్నా గట్టిది. కానీ ఇంట్లో ఉన్నదాన్ని తాళం పెట్టి, పిల్లల్ని చొక్కా మీద పంపడం మాత్రం ఒప్పుకోం.

మొదట్లో పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఆయన గుర్తుగా అదొక్కటే మిగిలింది, దాన్నీ వానలో నానబెడతారా?" అంది. మేమేమీ వాదించలేదు. తమ్ముడి మోచేతి మీది మచ్చ చూపించాం, కోటు మోచేతి మీది మచ్చా చూపించాం. రెండూ ఎడమ చేతివే. కాసేపు చూసి, కుట్టించడానికి డబ్బులు తనే ఇచ్చింది.

నిన్న సాయంత్రం వాడు కోరాపుట్ నుంచి తడిసి వచ్చాడు. కోటు వసారాలో హ్యాంగరుకి ఆరుతోంది. ఇల్లంతా తడి తోలు వాసన, అమ్మ ముక్కు మూసుకుని తిరుగుతోంది. మీ బీరువాలో కూడా అలాంటిది ఉంటే ఈ ఆదివారం బయటికి తీసి, కుట్లు లాగి చూడండి. బాగుంటే బండి తీసేవాళ్ళకి ఇచ్చెయ్యండి.