వంశమా? పోషణమా?

2019వ సంవత్సరమున బాసెల్ నగరమందు పూసర్ల వెంకట సింధు బాడ్మింటనులో ప్రపంచవిజేత యయ్యెను. అంతకుముందు ఆ గౌరవమందిన భారతీయులు లేరు. ఆమె తలిదండ్రు లిరువురును వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణగారు 1986లో సియోల్ ఆసియా క్రీడలయందు కాంస్యపతకము గెలిచిన భారతజట్టులోనివారు. కావున ఇది పుట్టుకతో వచ్చిన విద్యయని లోకులు తేల్చివేయుదురు. దీనిని మే మంగీకరింపజాలము. తలిదండ్రుల ఆట వేరు, కుమార్తె ఆట వేరు. ఆమెకు సంక్రమించినది ఆట కాదు. వేకువనే శిక్షణకు గొనిపోవు తండ్రి శ్రద్ధయు, గోపీచందు వంటి గురువు సన్నిధియు ఆమెకు లభించినవి.

నూజివీడు తోటల రైతులకు ఇది తెలిసిన సంగతియే. చిన్నరసపు టెంక పాతినంతమాత్రమున చిన్నరసాలు కాయవు. అంటు కట్టవలెను; నీరు పోసి కంచె వేయవలెను. క్రీడాకారుల బిడ్డకు ఆ నీరును కంచెయు ఇంటనే కలవు. పాలేరు బిడ్డకో? పదుల యెకరముల తోటలుగల ఆసాములు తమ గ్రామమున అర యెకరము ఆటస్థలముగా విడువరాదా? ఆ స్థలమున బాలురతోపాటు బాలికలకును ప్రవేశ ముండవలెను. వంశము నెవ్వరును ఈయజాలరు, స్థలము నీయవచ్చును.