ఊరుమ్మడి చెఱువు ఎవరిది?

పలువురకు చెందినది యెవ్వరికిని చెందదనియు, దానిని దొరతనమువారైన పాలింపవలయు లేదా ఒక్కొక్కరికి పంచియైన ఈయవలయుననియు, మూఁడవ త్రోవ లేదనియు మనలో చదివినవారే వాదించుచున్నారు. 1968వ సంవత్సరమున గారెట్ హార్డిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుఁడు, అదుపులేని ఉమ్మడి బీడునకు నాశము తప్పదని వ్రాసిన వ్యాసము ఈ వాదమునకు బలమిచ్చినది. ఈ వాదము సత్యము కాదని మేము చెప్పుచున్నాము. మా పక్షమున సాక్ష్యమిచ్చునది ఎలినార్ ఆస్ట్రమ్.

ఈమె 1933లో లాస్ ఏంజిలిస్ నగరమున సామాన్య కుటుంబమునందు జన్మించెను. బాలిక యగుటచేత పాఠశాలలో ఆమెకు త్రికోణమితి నేర్చుకొను అవకాశము దొరకలేదు. తగినంత గణితము రాదన్న కారణముచేతనే పిమ్మట విశ్వవిద్యాలయమువారు ఆమెను అర్థశాస్త్ర పరిశోధనకు చేర్చుకొనరైరి. ఆమె రాజనీతిశాస్త్రమును పట్టి 1965లో డాక్టరు పట్టమును పొందెను. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానమును, ఆలివర్ విలియమ్సన్‌తో కూడ, పొందిన ప్రథమ స్త్రీ ఈమెయే. 2012లో పరమపదించెను. ఆఁడుపిల్లకు లెక్కలెందుకని యడుగువారు మన యిండ్లలో నింకను కలరు. వారికీ చరిత్రము చదివి వినిపింపవలయును.

ఈమె మొదటి పరిశోధన భూగర్భజలమును గూర్చినది. లాస్ ఏంజిలిస్ చెంత నెవరికివారు బావులనుండి నీరు తోడఁగా మట్టము క్రుంగి, సముద్రపు ఉప్పునీరు లోనికి చొచ్చెను. అప్పుడు నీరు తోడువారే సంఘముగాఁ గూడి, లెక్కలు తీసి, న్యాయస్థానమునెదుట ఒడంబడి, తమ తోడకమును తామే తగ్గించుకొనిరి. పిమ్మట స్విట్జర్లాండు కొండబీళ్లను, జపాను గ్రామముల అడవులను, స్పెయిను కాలువలను పరిశీలించి 1990లో ఆమె గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఉమ్మడి సొత్తు ఎల్లెడల నిలుచునని ఆమె చెప్పలేదు. చెడిన చోట్లను సైతము చూపెను. నిలిచిన చోట్ల మాత్రము కొన్ని లక్షణములు కనఁబడెను: హద్దులును హక్కుదారులును స్పష్టము, నియమములు ఆ చోటికి తగినవి, నియమమునకు లోఁబడువారికి దానిని మార్చుటలో మాట కలదు, కావలివాఁడు వారికే జవాబుదారి, శిక్ష మొదట స్వల్పము, తప్పు మరలఁ జేసినచో హెచ్చు.

ఈ సంగతి రామకుప్పమున కెందుకందురా? మూఁడు రాష్ట్రములు కలియు ఈ మెట్టసీమలో జీవనది లేదు. పాలాఱు వానకు పాఱి ఎండకు ఇంకును. పూర్వులు చెఱువులతో బ్రదికిరి. చెఱువును నిలుపుటకు దశబంధ మాన్యములుండెడివి. తూము తీసి వంతు తప్పక మడులకు నీరు పాఱించుటకు నీరుగంటి యుండెడివాఁడు. ఆ కట్టుబాటు సడలినది. పూడిక తీయుట సర్కారు పని యని ఊరివారు చేతులు ముడుచుకొనిరి. చెఱువును మఱచి ఎవరికివారు బోరుబావులు వేయించిరి. ఒకఁడు లోతునకు పోయిన పొరుగువాఁడు మఱింత లోతునకు పోవును. లాస్ ఏంజిలిస్ రోగమే ఇది.

మందు మన తెలుఁగునాఁటనే కలదు. కర్నూలు జిల్లా కాలువక్రింది గ్రామములలో రైతులు తమంతట తామే నీరుకట్టువారిని, పొలము కావలివారిని నియమించుకొని ఊరి నిధినుండి జీతమిచ్చిన విధమును రాబర్ట్ వేడ్ 1988లో గ్రంథముగా వ్రాసెను. 2003 పిమ్మట చిత్తూరుతోఁ జేరి ఏడు జిల్లాలలో రైతులే వాననీటిని, బావుల మట్టమును కొలిచి, దానినిబట్టి పైరు నిర్ణయించుకొను పద్ధతి నడచినది. మన రైతునకు చేతకాదనువారు వీనిని చూడవలయును.

అట్లని పాతకాలమును తిరిగి తెమ్మని మేము కోరుట లేదు. ఆ కట్టుబాటులో మాలమాదిగలకు మాట లేదు. స్త్రీకి అసలే లేదు. 1997 నాఁటి సాగునీటి సంఘముల చట్టము సైతము భూమిగలవారికిని కౌలుదారులకును ఓటిచ్చెను. భర్త పేర భూమి యుండఁగా నాటు వేసి, కలుపు తీసి, నీళ్లు మోసిన యిల్లాలు సభ వెలుపల నిలిచెను. నియమమునకు లోఁబడువారికి నియమము చేయుటలో భాగముండవలయునన్న ఆస్ట్రమ్ సూత్రము ఈ అన్యాయమును సహింపదు.

2025లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలములు కుప్పము సీమకు వచ్చినవి. ఇఁక చింత లేదని కొందరు సంతసించుచున్నారు. నీరు తెచ్చుట ప్రభుత్వము చేయఁగలదు. వచ్చిన నీటిని కలిమిగలవాని బోరునకు, చివరి మడి పేదవానికి న్యాయముగాఁ బంచుట ఊరివారే చేయవలయును. కావున చదువరులారా, రాఁబోవు గ్రామసభకు ఇంటి స్త్రీలతోఁ గూడ పొండు. మన చెఱువు హద్దు లెక్కడ? బావుల నీటిమట్ట మెంత? ఈ యేఁటి పైరెవరు నిర్ణయింతురు? అని అడుగుఁడు. జవాబు దొరకకున్న, దానిని వ్రాయు బాధ్యత మీదే.