దిగులు కూడా ఆటిజం ఖాతాలోకేనా?

ఆటిజం ఉన్న పిల్లాడు బడికి వెళ్లనని మొండికేస్తే ‘వాడంతే’ అంటాం. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉన్న అమ్మాయికి నిద్ర పట్టకపోతే అదీ ఆ ఖాతాలోనే రాసేస్తాం. ఈ పిల్లల్లో ఆందోళన, దిగులు మిగతావారికంటే ఎక్కువని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ముందే పడిన ముద్ర చాటున అవి ఎవరి కంటా పడవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మానసిక అనారోగ్యం వేర్వేరు పద్దులు. ఒకే బిడ్డకు రెండూ ఉండొచ్చన్న ఎరుక మాత్రం మన ఆచరణలో అరుదు. మాట వచ్చిందా, రాత కుదిరిందా అని థెరపిస్టుని అడుగుతాం. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా అని బిడ్డను అడగం. మాటలు రాని బిడ్డ దిగులు ఒక్కోసారి కడుపునొప్పిగా, చేయి కొరుక్కోవడంగా బయటపడుతుంది. దాన్ని అల్లరిగా లెక్కగట్టి దండిస్తే ఇంకా ముదురుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి, ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతోంది. అక్కడ ప్రతి సమీక్షలోనూ నిద్ర, భయాలు, స్నేహాల గురించి అడగడం తప్పనిసరి చేయాలి. అమ్మానాన్నల అలసటనూ నమోదు చేయాలి. మనసు కుదుటపడని బిడ్డకు ఎన్ని థెరపీలు చేయించినా చదువు ఒంటబట్టదు.