అమ్మ చితాభస్మానికి చోటు లేదన్నారు

2015 ఏప్రిల్‌లో అమెరికాలో ఎలైన్ హార్మన్ అనే 95 ఏళ్ళ స్త్రీ చనిపోయింది. తన చితాభస్మాన్ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంచమని ఆమె తన చేత్తో కాగితం రాసి పెట్టుకుంది. కానీ సైన్యం ఒప్పుకోలేదు. దాంతో ఆ భస్మం ఏడాదికి పైగా కూతురు టెర్రీ ఇంట్లో, అల్మారాలో ఉండిపోయింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక విమానాలు నడిపిన స్త్రీలలో ఎలైన్ ఒకరు. వాళ్ళ దళం పేరు విమెన్ ఎయిర్‌ఫోర్స్ సర్వీస్ పైలట్స్, క్లుప్తంగా వాస్ప్. పాతికవేల మందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే శిక్షణ పూర్తి చేసింది 1,074 మంది. టెక్సాస్‌లోని స్వీట్‌వాటర్‌కి సొంత ఖర్చులతో వచ్చి నేర్చుకున్నారు. ఫ్యాక్టరీల నుంచి కొత్త విమానాలు స్థావరాలకు చేర్చేవారు. మరమ్మతు చేసిన వాటిని ముందు తామే ఎగరేసి చూసేవారు. నేలమీది సైనికులు గురి నేర్చుకోవడానికి విమానం వెనక గుడ్డ లక్ష్యాన్ని కట్టి లాగేవారు. పేల్చేవి నిజం గుళ్ళే. మొత్తం 38 మంది చనిపోయారు.

యూనిఫాం ఉంది, కవాతు ఉంది, పై అధికారి ఆజ్ఞ ఉంది. కాగితం మీద మాత్రం వాళ్ళు పౌర ఉద్యోగులు! అందువల్ల చనిపోతే శవపేటిక మీద జెండా కప్పే హక్కు లేదు. శవాన్ని ఇంటికి పంపడానికి తోటి పైలట్లు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. పనిని ఏ పేరుతో పిలుస్తారన్న దాని మీద ఎంత ఆధారపడి ఉంటుందో, ‘గౌరవ వేతనం’ అందుకునే మన అంగన్‌వాడీ కార్యకర్తలకి వేరే చెప్పాలా?

వీళ్ళని సైన్యంలో చేర్చుకునే బిల్లు 1944లో ఓడిపోయింది. తమ ఉద్యోగాలకి ఎసరొస్తుందని మగ పైలట్లు గట్టిగా వ్యతిరేకించారు. ఆ డిసెంబరు 20న దళాన్నే రద్దు చేశారు. 1976లో, సైనిక విమానాలు నడపడానికి స్త్రీలను మొదటిసారి తీసుకుంటున్నామని వైమానిక దళం ప్రకటించింది. మొదటిసారా? అప్పటికి యాభై దాటిన ఆ స్త్రీలకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పోరాడారు. 1977లో మాజీ సైనికులుగా గుర్తిస్తూ చట్టం వచ్చింది.

మెలిక అందులోనే ఉంది. ఆ చట్టం మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఇచ్చే సౌకర్యాలకే వర్తిస్తుంది. ఆర్లింగ్టన్ ఆ శాఖది కాదు, సైన్యానిది. అయినా 2002 నుంచి వాస్ప్ స్త్రీల చితాభస్మాన్ని అక్కడ అనుమతించారు. 2015 మార్చిలో మళ్ళీ కుదరదన్నారు. కారణం స్థల కొరత. కొరత నిజమే కావచ్చు. కానీ కొరత వచ్చినప్పుడల్లా వరసలోంచి ముందుగా పక్కకి తప్పించేది ఎవరిని?

యుద్ధాలను వ్యతిరేకించే మనకి సైనిక శ్మశానంలో చోటు గురించి చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. పైగా నల్లజాతి స్త్రీలను ఆ దళంలోకి రానివ్వలేదు. దళం నాయకురాలు జాక్విలిన్ కోక్రన్ ఆ తలుపు తెరవలేదు. వీళ్ళని దేవతల్ని చేయనక్కరలేదు. కానీ ప్రాణానికి తెగించి చేసిన పనిని ఒప్పుకోమనడం యుద్ధాన్ని పొగడటం కాదు. ప్రభుత్వం చేయించుకున్న పనిని ప్రభుత్వం చేతనే ఒప్పించడం అది.

ఎలైన్ కూతురూ మనవరాళ్ళూ చేసింది ఇదే. అమ్మమ్మ ఫోటోకి దండ వేసి ఊరుకోలేదు. మనవరాలు ఎరిన్ మిల్లర్ న్యాయవాది. లక్ష దాటిన సంతకాలు సేకరించారు, చట్టసభ సభ్యుల చుట్టూ తిరిగారు. యుద్ధ విమానం నడిపిన మార్తా మెక్‌సాలీ అప్పటికి సభలో ఉంది, బిల్లు పెట్టింది. 2016 మేలో అధ్యక్షుడు ఒబామా సంతకం చేశాడు. సెప్టెంబరు 7న ఎలైన్ చితాభస్మాన్ని సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్‌లో ఉంచారు.

అయితే ఈ చట్టం ఇచ్చింది చితాభస్మం పెట్టుకునే గూడు మాత్రమే. దహనం వద్దు, నేలలో సమాధి కావాలనుకునే స్త్రీకి అందులో హక్కేమీ రాయలేదు.