వేగం ‘వరకు’... చెల్లింపు పూర్తిగా!

* డేటా కార్డుల కాలం నేర్పిన పాఠం
* 5జీ ఇంటి కనెక్షన్లకూ అదే వర్తింపు
* ఫిర్యాదుకు నేడు చట్టం అండ

అమలాపురం: ల్యాప్‌టాప్ పక్కన గుచ్చుకునే వేలెడంత పరికరం. దాని పేరు డేటా కార్డు. టెలిఫోన్ తీగ అందని ఊళ్లకు, బ్రాడ్‌బ్యాండ్ కోసం దరఖాస్తు చేసుకుని నెలల తరబడి నిరీక్షించిన ఇళ్లకు 2008-2012 మధ్యకాలంలో అదే ఆశాదీపం. రెండు, మూడు వేల రూపాయలు వెచ్చించి దానిని కొన్న విద్యార్థులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారుల్లో అనేకులు అనతికాలంలోనే నిరాశకు లోనయ్యారు. ప్రకటనలో కనిపించిన వేగం ఇంట్లో కనిపించలేదు. అడిగితే సమాధానం చెప్పే నాథుడు లేడు. ఆ కార్డులు ఎన్నడో మూలన పడ్డాయి. వాటిని అమ్మిన కంపెనీల్లో కొన్ని మొబైల్ సేవల నుంచే నిష్క్రమించాయి. అయితే నాటి వినియోగదారుడు వేసిన ప్రశ్న మాత్రం సమసిపోలేదు. టవరు నుంచి నేరుగా ఇంటికే ఇంటర్నెట్ అందిస్తామంటూ వస్తున్న 5జీ కనెక్షన్ల రూపంలో అది మళ్లీ గడప తొక్కుతోంది. డబ్బు చెల్లించే మనిషికి, అతడున్న చోట, ఎంత వేగం అందుతుందో ఎవరు హామీ ఇస్తారన్నదే ఆ ప్రశ్న.

ఒక్క పదంలోనే ఉంది కిటుకు

నాటి ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది అంకె. దాని పక్కన చిన్నగా కనిపించేది ‘వరకు’ అన్న పదం. ‘3.1 ఎంబీపీఎస్ వరకు వేగం’ అన్నది అప్పట్లో తరచూ వినిపించిన మాట. సాంకేతికంగా ఆ అంకె అబద్ధం కాదు. సీడీఎంఏ ఈవీడీవో పరిజ్ఞానంలో ఒక చానెల్‌పై టవరు పంపగలిగిన గరిష్ఠ వేగం అదే. అయితే ఆ వేగం ఒక్కరి సొత్తు కాదు. ఆ చానెల్ పరిధిలో ఒకే సమయంలో ఇంటర్నెట్ వాడుతున్న వారందరూ దానిని పంచుకోవాలి. ఊరంతటికీ ఒకే కుళాయి ఉన్నప్పుడు తెల్లవారుజామున వచ్చిన వారికి ధార, ఏడు గంటలకు వచ్చిన వారికి చుక్కలు అన్నట్లుగా ఉండేది పరిస్థితి. టవరుకు దూరమయ్యే కొద్దీ ఆ వాటా మరింత కుంచించుకుపోయేది.

అసలు చిక్కు మరొకటి. వేగవంతమైన ఈవీడీవో సౌకర్యం తొలుత నగరాలకు, పెద్ద పట్టణాలకే పరిమితమైంది. ఆ పరిధి దాటగానే కార్డు తనంతట తానే పాత ‘వన్ ఎక్స్’ విధానానికి మారిపోయేది. అందులో గరిష్ఠ వేగమే సుమారు 144 కేబీపీఎస్. దీని అర్థం సామాన్యునికి బోధపడాలంటే లెక్క వేసి చూడాలి. ఐదు మెగాబైట్ల ఫైలు ఒకటి దించుకోవడానికి ప్రకటనలోని పూర్తి వేగంతో పట్టే సమయం 13 సెకన్లు. వన్ ఎక్స్‌లో నాలుగున్నర నిమిషాలకు పైమాటే. సీడీలో పట్టే 700 మెగాబైట్ల ఫైలుకైతే అరగంటకు బదులు సుమారు 11 గంటలు. అదీ మధ్యలో సిగ్నల్ తెగకపోతేనే.

కేంద్ర ప్రభుత్వం 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం కనీసం 256 కేబీపీఎస్ వేగం ఉంటేనే అది బ్రాడ్‌బ్యాండ్. ఆ లెక్కన మండల కేంద్రాల్లో, పల్లెల్లో వన్ ఎక్స్‌పై నడిచిన కార్డు బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనంలో సగం దూరమే చేరుకుందన్నది గమనార్హం. ఆ కనీస పరిమితి 2013లో 512 కేబీపీఎస్‌కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది.

కంపెనీ వేగాన్ని బిట్లలో చెబుతుంది. కంప్యూటర్ తెర దానిని బైట్లలో చూపుతుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 3.1 ఎంబీపీఎస్ పూర్తిగా అందినా తెరపై కనిపించేది సెకనుకు 390 కిలోబైట్ల లోపే. ఈ తేడాను అమ్మేటప్పుడు విడమరిచి చెప్పిన డీలర్లు అరుదు. దీంతో నిజంగా వేగం తగ్గిందో, లెక్క తేడాయో తెలియక వినియోగదారులు అయోమయానికి గురయ్యారు.

తోటల సీమలో తంటాలు

కోనసీమ వంటి ప్రాంతంలో ఈ ఇబ్బంది రెట్టింపైంది. ఇక్కడ ఊరంటే ఒకచోట గుమిగూడిన ఇళ్లు మాత్రమే కాదు. కొబ్బరి తోటల నడుమ, కాలువ గట్ల వెంబడి విడివిడిగా విస్తరించిన నివాసాలు అనేకం. రేడియో తరంగాలను చెట్ల ఆకులు అడ్డుకుంటాయి. తడిసిన ఆకులు మరింతగా అడ్డుకుంటాయి. వానాకాలంలో సిగ్నల్ పడిపోతోందని మొరపెట్టుకున్న వారి మాటలో నిజం ఉంది.

కార్డు కొనేటప్పుడు పట్టణంలోని దుకాణంలో డీలరు ల్యాప్‌టాప్‌కు తగిలించి చూపేవాడు. టవరు సమీపంలో ఉండటంతో పేజీలు చకచకా తెరుచుకునేవి. ఇంటికి తెచ్చాక పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న చందం. యూఎస్‌బీ వైరు కొని కార్డును కిటికీ ఊచలకు వేలాడదీసిన వారున్నారు. రాత్రి పదకొండు దాటాక రద్దీ తగ్గుతుందని మేల్కొని దరఖాస్తులు నింపిన విద్యార్థులున్నారు. గడువు చివరి రోజున ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా ఎక్కిన వారూ ఉన్నారు. పరీక్ష రుసుము, కౌన్సెలింగ్, ఉద్యోగ దరఖాస్తు వంటివన్నీ ఆన్‌లైన్‌లోకి మారుతున్న రోజులవి. వేగం లేకపోవడం వినోదానికి కలిగిన లోటు కాదు. అవకాశం చేజారిపోయే ప్రమాదం.

వాడని డేటాకు బిల్లు

వేగం తర్వాత ఎక్కువగా వినిపించిన గోడు బిల్లులది. పోస్ట్‌పెయిడ్ పథకాల్లో నెలకు ఇంత డేటా అని పరిమితి ఉండేది. అది దాటితే ప్రతి మెగాబైటుకూ విడిగా రుసుము. దించుకున్నదే కాక పంపినదీ లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. ల్యాప్‌టాప్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్, యాంటీ వైరస్ వంటివి యజమాని ప్రమేయం లేకుండానే కొత్త ఫైళ్లను దించుకుంటాయని తెలిసిన వారు మరీ తక్కువ. తాము మెయిల్ మాత్రమే చూశామని, బిల్లు ఎందుకు పెరిగిందో అర్థం కావడం లేదని వాపోయిన వారి సమస్యకు మూలం తరచూ ఇక్కడే ఉండేది. కారణం తెలిసినంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరిపోదు. పరిమితి ముగియబోతోందని ముందే చెప్పి ఉంటే నష్టం జరిగేది కాదు. డేటా వినియోగం 50, 90, 100 శాతానికి చేరినపుడు సంక్షిప్త సందేశం పంపాలన్న నిబంధన ట్రాయ్ ద్వారా తర్వాతి కాలంలో వచ్చింది. అప్పటికే ఎందరో మూల్యం చెల్లించారు.

సేవ ఆగింది... కార్డు మిగిలింది

డేటా కార్డుల్లో అధిక భాగం ఒకే కంపెనీ నెట్‌వర్క్‌కు తాళం వేసి అమ్మినవి. సేవ నచ్చకపోతే సిమ్ మార్చినంత తేలికగా కంపెనీ మార్చే వీలు లేదు. ఈలోగా రంగం తీరే మారిపోయింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసింది. డేటా కార్డులనే ప్రధానంగా నమ్ముకున్న ఎంటీఎస్ సంస్థ రాజస్థాన్ మినహా 21 సర్కిళ్లలో లైసెన్సులు కోల్పోయింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరిలో మొబైల్ వాయిస్ సేవలకు స్వస్తి పలికింది. టాటా సంస్థ మొబైల్ వ్యాపారం 2019 జులైలో ఎయిర్‌టెల్‌లో విలీనమైంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకై, చేతిలోని ఫోనే హాట్‌స్పాట్‌గా మారింది. డేటా కార్డు అవసరం తీరిపోయింది. డబ్బు పోసి కొన్న పరికరం మాత్రం దేనికీ పనికిరాకుండా ఇంట్లో మిగిలింది.

మూసుకున్న తలుపు... తెరిచిన తీర్పు

ఇంత జరుగుతుంటే వినియోగదారుల ఫోరాలు ఏం చేశాయన్న సందేహం కలగడం సహజం. వాస్తవానికి డేటా కార్డుల విక్రయాలు ఊపందుకున్న సమయంలోనే ఆ తలుపు సగం మూసుకుంది. 2009 సెప్టెంబరు 1న ఒక టెలిఫోన్ బిల్లు వివాదంలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ ప్రకారం ఇలాంటి వివాదాలు మధ్యవర్తిత్వానికే వెళ్లాలని, వినియోగదారుల ఫోరానికి అధికారం లేదని పేర్కొంది. దీనిని ఆధారంగా చేసుకుని కంపెనీలు అభ్యంతరం లేవనెత్తడం, ఫిర్యాదులు ఆదిలోనే వీగిపోవడం పరిపాటిగా మారింది. రెండు వేల రూపాయల కార్డు కోసం మధ్యవర్తిత్వానికి వెళ్లే సామాన్యుడెవరు?

ఈ స్థితి తొలగడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. నెలకు ఐదారు వందలు వచ్చే మొబైల్ బిల్లు ఒక్కసారిగా రూ.24,609 రావడంతో అహ్మదాబాద్‌కు చెందిన ఓ వినియోగదారుడు 2014లో జిల్లా ఫోరాన్ని ఆశ్రయించారు. అధికార పరిధి లేదంటూ వొడాఫోన్ ఐడియా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. టెలికాం వినియోగదారులు ఫోరాన్ని ఆశ్రయించవచ్చని, టెలిగ్రాఫ్ చట్టం అందుకు అడ్డు కాదని 2022 ఫిబ్రవరి 16న ధర్మాసనం స్పష్టం చేసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం సైతం ఈ హక్కుకు భంగం కలగదని పేర్కొంది. ఫిర్యాదు వినే చోటు ఏదో తేలడానికే ఎనిమిదేళ్లు పట్టిందన్నది ఇక్కడ ఆలోచించాల్సిన అంశం.

పరికరం కొత్తది... ప్రశ్న పాతది

2020 లాక్‌డౌన్‌లో నగరాల నుంచి ల్యాప్‌టాప్‌లతో సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు, ఆన్‌లైన్ తరగతులకు హాజరైన పిల్లలకు ఇంటర్నెట్ అన్నం పెట్టే వనరైంది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల అనంతరం మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేసినపుడు దానిపై ఈ ప్రాంతం ఎంతగా ఆధారపడిందో అందరికీ అనుభవమైంది. ఈ నేపథ్యంలో 2023 నుంచి ఎయిర్‌ఫైబర్ పేరిట వస్తున్న 5జీ ఇంటి కనెక్షన్లు ఫైబర్ తీగ రాని ఇళ్లకు ఉపయోగపడేవే. మేడపైన యాంటెన్నాను టవరు వైపు తిప్పి అమర్చడం వల్ల డేటా కార్డు కంటే ఇవి ఎంతో మెరుగు కూడా.

అయినా సూత్రం మారలేదు. ఇదీ టవరు పరిధిలోని వారంతా పంచుకునే వేగమే. ఇందులోనూ నెల పరిమితి దాటితే వేగం తగ్గించే షరతులుంటాయి. నాటి సీడీఎంఏ సేవలు 800 మెగాహెర్ట్జ్ తరంగాలపై నడిచాయి. 5జీకి విస్తృతంగా వాడుతున్న 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు మోసుకెళ్లే డేటా అధికమే గానీ అంత దూరం ప్రయాణించలేవు. చెట్ల ఆకులను దాటడంలో వీటి బలం ఇంకా తక్కువ. తోటల మధ్య ఇల్లున్న వారు ఈ ఒక్క విషయాన్ని విస్మరిస్తే డేటా కార్డు కథ పునరావృతమయ్యే ప్రమాదం పొంచి ఉంది.

కొనేముందు... కొన్న తర్వాత

దుకాణంలో చూపిన వేగాన్ని నమ్మి సంతకం చేయకపోవడం మొదటి జాగ్రత్త. అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోనుతో ఇంటివద్ద ఉదయం, రాత్రి ఎనిమిది గంటల రద్దీ వేళలో వేగాన్ని పరీక్షించుకోవడం మేలు. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యతా నిబంధనల ప్రకారం ఏ ప్రాంతంలో ఏ తరం సేవ అందుతుందో తెలిపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉంచాలి. పటంలో రంగు ఉన్నంత మాత్రాన ఇంటి లోపల వేగం ఉన్నట్లు కాదు. పటంలోనే లేకుంటే మాత్రం కొనకపోవడమే ఉత్తమం. జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి స్తంభించిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలని, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగించాలని కూడా ఇవే నిబంధనలు చెబుతున్నాయి.

ఇబ్బంది తలెత్తితే కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి ఊరుకోకూడదు. ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. తేదీ, సమయం కనిపించేలా వేగ పరీక్షల ఫొటోలు, బిల్లులు భద్రపరచుకోవాలి. పరిష్కారం లభించకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. దానిపై 39 రోజుల్లో నిర్ణయం వెలువడాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా ఫిర్యాదుదారుడు నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా దాఖలు చేయాలన్నది గుర్తుంచుకోవాలి.

వినియోగదారుడు ఎంత జాగ్రత్తపడినా అసలు లోపం సరిదిద్దాల్సింది కంపెనీలు, నియంత్రణ సంస్థే. దరఖాస్తు ఫారంలో ఇంటి చిరునామా రాయించుకుంటున్న కంపెనీ, ఆ చిరునామాలో అందించే కనీస వేగాన్ని కూడా అదే ఫారంలో రాసివ్వడంలో ఇబ్బంది ఏమిటన్నది వినియోగదారుల సూటి ప్రశ్న. కనెక్షన్ అమర్చిన రోజు వేగాన్ని కొలిచి సంతకం చేసిన కాగితం ఇస్తే రేపటి వివాదంలో ఇరుపక్షాలకూ అదే సాక్ష్యమవుతుంది. అంతవరకు ‘వరకు’ అన్న పదం భారమంతా కొన్నవారిపైనే పడుతుంది. నాటి డేటా కార్డు కొనుగోలుదారులకు ఫిర్యాదు చేసే చోటు కరవైంది. నేడు ఆ చోటు ఉంది. దానిని వినియోగించుకోవడంతోపాటు, కనీస వేగాన్ని రాతపూర్వకంగా ఇచ్చేలా ట్రాయ్ చొరవ చూపాలని వినియోగదారులు కోరుతున్నారు.